గుగ్గిలం పెట్టిన టీ బొంగు

కొండ మీంచి పారే గెడ్డ పొంగి మా ఊరి వంతెనని ఎత్తుకుపోయిన ఏడాది అది. ఆ ఏడాది రెండు వరదలు వచ్చాయి. మొదటిదానికి వంతెన ఊగింది. రెండోదానికి పోయింది. ఇది రెండో వరద తర్వాత మాట.

ఒక గురువారం, మధ్యాహ్నం భోజనాలు అయ్యాక, బడి వరండాలో పిల్లలు గుంపుగా చేరారు. మధ్యలో బిందుమాధవి కూర్చుని ఉంది. ఏడో తరగతి. అందరూ బిందు అంటారు. ఆమె ఒళ్ళో ఒక పెద్ద బొంగు ఉంది.

బొంగు అంటే మా కొండల్లో అందరికీ తెలుసు. లావుపాటి వెదురుని కణుపు కింద కోస్తే, కణుపే దానికి అడుగు. పైన తెరిచి ఉన్నది మూతి. అందులో నీళ్ళు పట్టుకుంటాం. మాంసం కూరి నిప్పుల మీద వండుకుంటాం. బిందు దాంట్లో టీ పోద్దామనుకుంది.

ఆమె బొంగుకి ఇంకో తమాషా ఉంది. అడుగుకి కొంచెం పైన, పక్కన, వేలు దూరేంత కన్నం పెట్టింది. కన్నంలో సన్న వెదురు గొట్టం దూర్చింది. గొట్టానికి కర్ర బిరడా. బిరడా తీస్తే టీ కారుతుంది, పెడితే ఆగుతుంది. అరకు రైల్లో టీ అమ్మేవాళ్ళ డబ్బాకి కింద కుళాయి ఉంటుంది కదా, అలాగ. గొట్టం చుట్టూ సందు లేకుండా గుగ్గిలం మెత్తింది.

"ఏటే బిందూ, టీ అమ్ముతావా, దూపం వేత్తావా?" అన్నాడు నవీన్. వాడిదీ ఏడో తరగతే. "గుడి వాసన కొడతంది."

"నీ ప్రాజెక్టు ఏటో సెప్పు ముందు. అట్టముక్కకి బల్బు. అదీ ఎలగదు."

పిల్లలు నవ్వారు. నవీన్ కూడా నవ్వాడు గానీ అక్కడి నుంచి కదల్లేదు.

బిందు చెంబుతో నీళ్ళు పోసింది. మూతి దాకా నింపింది. నెమ్మదిగా లెక్క మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పిల్లలు వంగి చూశారు. యాభై దాకా లెక్కపెట్టింది. గొట్టం దగ్గర తడి కూడా లేదు.

"ఆగిందే!" అన్నారు అందరూ. చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడికి జయలక్ష్మి టీచర్ బయటికి వచ్చింది. బొంగుని తిప్పి చూసింది. దానికి కట్టిన పట్టీలు చూసింది. అవి బిందు పాత స్కూలు బ్యాగువి. చుట్టూ చుట్టిన గొంగళి ముక్క చూసింది.

"చాలా బాగుంది బిందూ. వేడి టీ పోసి చూశావా?"

చూడలేదు. ఇంట్లో ఉన్న టీ కెటిల్ పొద్దున్నించి రాత్రి దాకా నాన్న టీ కొట్టులోనే ఉంటుంది. చూడాలని అనుకుంది. రేపు, రేపు అనుకుంది. ఇప్పుడు అందరూ తన మొహంలోకే చూస్తున్నారు. నవీన్ మరీ.

"చూశాను టీచర్."

"కారలేదా?"

"లేదు టీచర్."

"అయితే చార్టు మీద ఆ మాట రాయి. రేపు సైన్సు ప్రదర్శనకి వచ్చేవాళ్ళు ముందు అదే అడుగుతారు."

బిందు ఆకుపచ్చ స్కెచ్ పెన్ను తీసి చార్టు అడుగున రాసింది. 'వేడి టీతో పరీక్షించాను.' మిగతా అక్షరాలన్నీ తిన్నగా ఉన్నాయి. ఆ వరస ఒక్కటే కిందికి జారింది.

"ఇంకో మాట," అంది టీచర్. "రేపు మీ నాన్నని టీ ఇందులోనే తెమ్మను. వీపుకి తగిలించుకుని, గెడ్డ దాటి. వచ్చినవాళ్ళందరికీ అదే పోద్దాం."

బిందు తలూపింది.

*

బడిలో జరిగింది నాకు తర్వాత ఆ పిల్లే చెప్పింది. నా పేరు కొండబాబు. వాళ్ళ ఇంటి పైన, దిబ్బ మీద ఉంటాను. ఎండిన ఆనపకాయలతో నీళ్ళ బుర్రలు చేస్తాను. చిన్నపిల్లలందరికీ తాతనే.

బిందు వాళ్ళ నాన్న పైడిరాజుది టీ కొట్టు. వంతెన ఉన్నప్పుడు బస్సు ఇవతలికి వచ్చి కొట్టు ముందే ఆగేది. వంతెన పోయాక అవతలి గట్టునే ఆగి వెనక్కి తిరిగిపోతోంది. బడి కూడా అవతలే. టీ తాగేవాళ్ళంతా అవతల, కొట్టు ఇవతల.

అందుకని పైడిరాజు రోజుకి మూడుసార్లు గెడ్డ దాటేవాడు. ఒక చేతిలో కెటిల్, రెండో చేతిలో గ్లాసుల బకెట్. నీళ్ళు తగ్గాక ఊరివాళ్ళు గెడ్డలో పెద్ద రాళ్ళు వేశారు. పట్టుకోవడానికి అడ్డంగా తాడు కట్టారు. తాడు పట్టుకుంటే పడరు. కానీ పైడిరాజుకి పట్టుకునే చెయ్యి ఏది?

ఆ గురువారానికి పది రోజుల ముందు రాయి మీద కాలు జారింది. నడుం దాకా నీళ్ళలో పడ్డాడు. గ్లాసులు పగిలాయి. కెటిల్ దొర్లుకుంటూ పోతే యాభై అడుగుల కింద దొరికింది. మోకాలు చీరుకుపోయింది. ఆ రోజు బడి నుంచి వస్తూ బిందు అదంతా గట్టు మీంచి చూసింది. "నాన్నా!" అని అరిచింది గానీ నీళ్ళ చప్పుడులో వినబడలేదు.

ఆ తర్వాత పైడిరాజు గెడ్డ దాటేటప్పుడల్లా ఆమె బడి కిటికీ దగ్గరే ఉండేది. అవతలి గట్టెక్కితే గానీ పుస్తకంలోకి చూసేది కాదు.

టీచర్ ప్రదర్శనకి ఏదైనా చెయ్యమన్నప్పుడు బిందు ఒక్కటే అనుకుంది. నాన్న రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

టీచర్ ఫోన్‌లో చాలా చూపించిందట. కాశ్మీరులో టీ పాత్ర మధ్యలో గొట్టం ఉంటుంది, గొట్టంలో నిప్పులు వేస్తారు. బిందుకి అది నచ్చింది. కానీ వీపు మీద నిప్పులు ఎలా మోస్తారు? లడఖ్‌లో పొడుగాటి కర్ర గొట్టంలో టీని వెన్న వేసి చిలుకుతారు. అది చూడగానే బొంగు గుర్తొచ్చింది. బెంగాలులో మట్టి కప్పులు. రాళ్ళ మీద అవి బతకవు. శ్రీలంకలో చక్కెర కలపకుండా, చేతిలో బెల్లం ముక్క పెట్టుకుని కొరుక్కుంటూ టీ తాగుతారట. అదీ తీసుకుంది. బెల్లం ముక్కలకి ఒక చిన్న డబ్బా, స్టీలు గ్లాసులకి నడుం పట్టీ. చార్టు మీద అన్నిటి బొమ్మలూ వేసింది.

ఒక ఆదివారం నా దగ్గరికి వచ్చింది. నేను బుర్రకి మూతి అతుకుతున్నాను. గుగ్గిలం చెట్టు జిగురు, తేనె మైనం కలిపి కరగబెడతాను. వేడిగా ఉండగా మెత్తుతాను. చల్లారితే రాయిలా అవుతుంది. ఒక్క చుక్క కారదు. ఆ పిల్ల మధ్యాహ్నమంతా నా పక్కన కూర్చుని చూసింది.

"తాతా, నాకొక ముద్ద ఇత్తావా?"

ఇచ్చాను. ఎందుకు అని అడగలేదు. ఆమె చెప్పలేదు.

*

గురువారం సాయంత్రం బిందు బొంగు పట్టుకుని ఇంటికి వచ్చేసరికి కొట్టులో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పైడిరాజు వెంటనే దాన్ని వీపుకి తగిలించుకున్నాడు.

"సూడండొరే! రెండు సేతులూ ఖాళీ!" అని చేతులు రెండూ గాలిలో ఊపాడు. తాడు పట్టుకున్నట్టు నటించాడు. రాళ్ళ మీద గెంతినట్టు గెంతాడు. దెబ్బ తగిలిన మోకాలే అది.

"నెమ్మది," అంది దేముడమ్మ. బిందు వాళ్ళమ్మ. "మోకాలు మళ్ళీ పగులుద్ది."

"ఇంక పగలదు. మా గుంట బిందు బొంగు సేసింది మరి. రేపు బళ్ళో అందరికీ నా ఈపు మీంచే టీ!"

"వేడి టీ పోసి సూసినారేటే?" దేముడమ్మ బిందుని అడిగింది.

బిందు గ్లాసులు కడుగుతోంది. నీళ్ళ చప్పుడులో వినబడనట్టు ఉండిపోయింది.

"టీచర్ సూసీసింది కదేటి," అన్నాడు పైడిరాజు. "సార్టు మీద కూడా రాసీసినారు."

ఆ మాట విన్నాక బిందు కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగింది.

పొద్దు కొండ మీదికి వాలింది. బిందు ఇంటి వెనక్కి వెళ్ళింది. మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ముట్టించి, గిన్నెడు నీళ్ళు మరగబెట్టింది. బొంగుని గోడకి ఆనించి నీళ్ళు పోసింది. ఒకటి, రెండు, మూడు.

పది అయింది. ఏమీ కాలేదు.

ఇరవై అయింది. గొట్టం చుట్టూ గుగ్గిలం మెరిసింది. తడిసినట్టు.

ఇరవై అయిదుకి ఒక నల్ల చుక్క కిందికి సాగింది.

ముప్పై లోపలే గొట్టం ఊడి కింద పడింది. వేడినీళ్ళు బుసబుసా తన్నుకొచ్చాయి. బిందు వెనక్కి గెంతింది. అయినా కాలి బొటనవేలి మీద పడ్డాయి. అరవకుండా పెదవి కొరుక్కుంది.

గుగ్గిలం వాసన ఇల్లంతా పాకింది.

"ఏటే బిందూ," లోపలి నుంచి దేముడమ్మ కేకేసింది. "ఇయ్యాల ఏటి పండగ? దూపం ఏసినావు?"

"ఊరికే అమ్మా."

"బాగుంది వాసన."

బిందు కింద పడ్డ గుగ్గిలం ఏరింది. నిప్పు దగ్గర పెట్టి మెత్తబరిచింది. గొట్టం దూర్చి మళ్ళీ చుట్టూ మెత్తింది. చల్లారింది. వేలితో కొట్టి చూసింది. రాయిలా ఉంది. ముందు ఎలా ఉందో అలాగే ఉంది. చూస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

అందుకే ఆమెకి ఇంకా భయం వేసింది.

ముప్పై లెక్కపెట్టేసరికి నాన్న గెడ్డలో ఎక్కడ ఉంటాడు? మూడో రాయి మీద. కాదు, నాలుగో రాయి. అక్కడే నీళ్ళు లోతు.

*

చీకటి పడకముందే నా దగ్గరికి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"తాతా."

"ఊఁ."

"నీ బుర్రలో వేడినీళ్ళు పోత్తావా?"

"పొయ్యను."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. సన్నీళ్ళు. అంబలి."

"ఎందుకు పొయ్యవు?"

"గుగ్గిలం కరుగుద్ది."

నేల వైపు చూసింది. నేను ఆమె కాలు చూశాను. బొటనవేలు ఎర్రగా పొంగింది.

"కాలికేటయింది?"

"ఏటీ నేదు." కాలు వెనక్కి పెట్టుకుంది. "తాతా, వేడికి ఆగీది ఇంకేటైనా ఉందా? గుగ్గిలం లాగ అంటుకోవాల, కరక్కూడదు."

"బొంగుకా?"

"దానికే. పక్కన కన్నం పెట్టి గొట్టం దూర్చినాను."

"బొంగుకి కన్నం ఎందుకే? అడుగు ఉంది. మూతి ఉంది. ఒంపితే పడుద్ది."

"ఈపు మీద ఉంటే ఒంపడం అవదు తాతా."

"ఎవులి ఈపు?"

ఆ పిల్ల వెనక్కి తిరిగి దిబ్బ దిగి పరిగెత్తింది.

నేను పిలవలేదు. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడకపోతే తప్పు జరగదని అనుకునేవాడిని. గుగ్గిలం ముద్ద ఇచ్చిన రోజు 'ఎందుకే' అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

కాసేపు కూర్చున్నాను. కూర్చోబుద్ధి కాలేదు. కింద కొట్టులో పైడిరాజు నవ్వు వినబడుతోంది. "రేపు నా ఈపు మీంచే టీ," అని ఎవరికో మళ్ళీ చెబుతున్నాడు.

కత్తి తీసుకుని వెదురు పొద దగ్గరికి వెళ్ళాను. వెలుగు ఇంకా కొంచెం ఉంది.

ఆ రాత్రి బిందు అన్నం సగంలో వదిలేసింది. వాళ్ళమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిందట. జ్వరం లేదు.

*

తెల్లారి ఏడు గంటలకి నేను పైడిరాజు కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాను. తువ్వాలు కింద ఒక బొంగు. పచ్చిది.

"ఏటి కొండబాబు, బేగి దిగిపోనావు?" అన్నాడు పైడిరాజు.

"టీ కోసం," అన్నాను.

చెప్పడానికే వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఆ పిల్లే చెబితే బాగుంటుందని కూడా అనిపించింది. చెప్పకపోతే నేను చెప్పాలి. టీ పొయ్యకముందు చెప్పాలి. అలా లోపల అనుకుంటూ కెటిల్ వైపే చూస్తూ కూర్చున్నాను.

పైడిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. నడుం పట్టీలో స్టీలు గ్లాసులు గలగలమంటున్నాయి. బొంగు వీపుకి కట్టుకుని ముక్కాలి పీట మీద కూర్చుని ముందుకి వంగాడు.

"పొయ్యి," అన్నాడు.

దేముడమ్మ గరాటా పెట్టింది. పొయ్యి మీంచి కెటిల్ దించింది. టీ ఇంకా కుతకుత అంటోంది.

బిందు గడప మీద నిలబడి ఉంది. యూనిఫారం వేసుకుంది. చార్టు చుట్టి చంకలో పెట్టుకుంది. ఆమె మొహం చూసి నేను లేచాను. "పైడీ," అన్నాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. పైడిరాజుకి వినబడలేదు.

దేముడమ్మ కెటిల్ వంచింది.

చార్టు కింద పడింది. బిందు ఒక్క ఉరుకున వచ్చి, గరాటా తోసేసి, బొంగు మూతి మీద అరచెయ్యి పెట్టింది.

"సెయ్యి తియ్యే! కాలిపోద్ది!" దేముడమ్మ కెటిల్ వెనక్కి లాగింది. నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి.

"పొయ్యకమ్మా."

"ఏటి? ఏటయింది?"

"నాను సూడలేదు." చెయ్యి ఇంకా మూతి మీదే ఉంది. "వేడి టీ పోసి సూడలేదు. టీచర్‌కి సూసినానని సెప్పీసినాను. నిన్న సాయంత్రం సూసినాను. గుగ్గిలం కరిగిపోయింది. గొట్టం ఊడిపోయింది. మళ్ళీ అంటించీసినాను."

పొయ్యిలో కర్ర చిటపటమంది.

పైడిరాజు పట్టీలు విప్పాడు. బొంగుని వీధిలో రాయి మీద నిలబెట్టాడు.

"ఇప్పుడు పొయ్యి," అన్నాడు దేముడమ్మతో.

ఆమె టీ పోసింది. అందరం చూస్తున్నాం. గుగ్గిలం మెరిసింది. జారింది. గొట్టం ఊడి దొర్లింది. టీ ధార కట్టి మట్టిలోకి పోయింది. పొగలు కక్కుతోంది.

పైడిరాజు చెయ్యి వెనక్కి పెట్టి తన వీపు ఒకసారి తడుముకున్నాడు. ఇస్త్రీ చొక్కా మీద.

"గెడ్డ మజ్జిలో అయితే..." అంది దేముడమ్మ. మిగతాది అనలేదు.

"నిన్న సాయంత్రం తెలిసిందా?" అన్నాడు పైడిరాజు.

"ఆఁ."

"సాయంత్రం."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ పిల్ల అంత ఏడ్చేది కాదు.

"నువ్వు అందరికీ సెప్పీసినావు నాన్నా. బళ్ళో కూడా సార్టు మీద రాసీసినాను. అందరూ నవ్వుతారని..."

"నవ్వనీ. నవ్వితే ఈపు కాలదు కదేటే."

పైడిరాజు ఆమె చెయ్యి పట్టుకుని అరచెయ్యి తిప్పి చూశాడు. కాలలేదు. తర్వాత కాలి వేలు చూశాడు. అక్కడ బొబ్బ ఉంది. దేముడమ్మ లోపలికి వెళ్ళి కొబ్బరినూనె తెచ్చింది. "దూపం అన్నావు కదే," అని గొణుగుతూ రాసింది.

అప్పుడు నేను మాట్లాడాను.

"నాకూ తెలుసు పైడీ. నిన్న సాయంత్రమే అనుమానం వచ్చింది. నానూ సెప్పనేదు."

పైడిరాజు నా వైపు చూశాడు. దేముడమ్మ కూడా. తప్పు చేసినవాడిని చూసినట్టే చూశారు. నేను తువ్వాలు తీసి బొంగు బెంచీ మీద పెట్టాను.

"పచ్చిది. నిప్పు మీద పెట్టినా ఆగుద్ది. కన్నం నేదు. పక్కన ఏలాడదియ్యి. గెడ్డ దాటినాక అడుగు ఎత్తి ఒంపు."

నేను ఒక్కసారిగా అంత మాట్లాడటం పైడిరాజు ఎప్పుడూ వినలేదు.

బిందు కళ్ళు తుడుచుకుంది. "ఎప్పుడు కోసినావు తాతా?"

"నువ్వు పరిగెత్తినాక."

ఆమె పాత బొంగు పట్టీలు విప్పింది. కొత్త బొంగు మూతి దగ్గర ఒక ముడి, అడుగు దగ్గర ఒక ముడి వేసింది. గొంగళి ముక్క చుట్టింది. భుజానికి తగిలించుకుంటే పక్కన ఏటవాలుగా వేలాడింది. రెండు చేతులూ ఖాళీ. మూతికి అడ్డాకులు మడిచి కుక్కింది. మా అడవిలో విస్తళ్ళు కుట్టే ఆకులే.

"బాగుంది," అన్నాడు పైడిరాజు. "పొయ్యి మరి. టైమవుతంది."

"ఒద్దు," అంది బిందు. "ఇదీ సూడలేదు కదా నాన్నా."

పైడిరాజు కెటిల్ చేతిలోకి తీసుకున్నాడు.

ఆ రోజు గెడ్డ ఇలా దాటాం. పైడిరాజు ఒక చేత్తో కెటిల్, ఒక చేత్తో తాడు పట్టుకున్నాడు. గ్లాసులు నేను మోశాను. బిందు ఖాళీ బొంగు భుజానికి వేసుకుని, చార్టు నెత్తి మీద పెట్టుకుని ముందు నడిచింది. నాలుగో రాయి దాటాక, ఆరో రాయి మీద ఆగి వెనక్కి చూసింది. నాన్న అయిదో రాయి మీదికి వచ్చాక మళ్ళీ కదిలింది.

బడి వరండాలో బల్లలు వేశారు. మండలం నుంచి ముగ్గురు వచ్చారు. నవీన్ బల్బు ఎలా వెలిగిందో గానీ వెలిగింది. వాడు దాని పక్కన నిటారుగా నిలబడ్డాడు.

బిందు చార్టు గోడకి అంటించింది. ఆకుపచ్చ పెన్ను తీసింది. అడుగు వరస మీద అడ్డంగా ఒక గీత గీసింది. కింద రాసింది. 'గుగ్గిలం సన్నీళ్ళకి ఆగింది. వేడి టీకి కరిగిపోయింది. నేను చూడకుండానే చూశానని చెప్పాను.' 'చన్నీళ్ళు' అని రాయాలి. తొందరలో మాట్లాడినట్టే రాసేసింది.

టీచర్ వచ్చి చదివింది. రెండుసార్లు చదివింది. బిందు చెవులు ఎర్రబడ్డాయి. నవీన్ కూడా చదివాడు. నోరు తెరిచాడు. బిందు వాళ్ళ నాన్న కెటిల్ పట్టుకుని పక్కనే నిలబడి ఉండటం చూసి మూసేశాడు.

టీచర్ కొత్త బొంగుని చేతిలోకి తీసుకుంది. వచ్చినవాళ్ళు ముగ్గురూ దగ్గరికి వచ్చారు. పిల్లలంతా చుట్టూ చేరారు.

"మరి ఇదీ?" అంది టీచర్. "ఇందులో వేడి టీ పోసి చూశావా?"

అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"చూడలేదు టీచర్."

బిందు బొంగు తీసుకుంది. వరండా మెట్లు దిగింది. ఎవరికీ తగలకుండా దూరంగా ఒక రాయి మీద నిలబెట్టింది. "ఎనక్కి జరగండి," అంది. వాళ్ళ నాన్న చేతిలోంచి కెటిల్ అందుకుని, మూతి దాకా పోసింది. రెండడుగులు వెనక్కి వేసింది.

"ఒకటి," అని మొదలుపెట్టింది. "రెండు."

మూడు దగ్గర నవీన్ కలిశాడు. నాలుగు దగ్గర నేనూ కలిశాను.